పండుగకు ముందే కోసిన చిక్కుళ్లు

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. రిటైరైన వాళ్లను ఇలా పిలవడం ఒక మర్యాద. శాలువా కప్పుతారు, మైకు చేతికిస్తారు, పది నిమిషాలయ్యాక ఆ మైకు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక అవస్థ పడతారు. నా ధోరణిలో నేను మాట్లాడుతుంటే వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, సర్వీసులో మీరు చేసిన అన్నిటికంటే పెద్ద తప్పేంటి?" అని అడిగింది. హాలంతా నవ్వింది. నేను నోరు తెరిచేలోగా టీ వచ్చింది. టీ తాగాక ఆ ప్రశ్న ఎవరికీ గుర్తు లేదు, నాకు తప్ప.

ఆ అమ్మాయికి బాకీపడ్డ జవాబు ఇది. ఇంట్లో పాకే పిల్లలు, బుడిబుడి నడకల పిల్లలు ఉన్నవాళ్లు కూడా చదవొచ్చు. గిన్నె, చెంచా పట్టుకుని పిల్ల వెనకాల ఇల్లంతా పరుగెత్తే తల్లులు మరీ ముఖ్యంగా చదవాలి.

మాది మధిర వైపు. ఉద్యోగంలో మొదటి ఏళ్లన్నీ కల్లూరు పరిసరాల్లోనే గడిచాయి. వ్యవసాయపు ఊళ్లు, చెప్తే వినే తల్లులు. విన్నట్టు తలైనా ఊపేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను భద్రాచలం అడవి అంచు సెక్టారుకు బదిలీ చేశారు. భద్రాచలంలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. పొద్దున్నే గోదావరి వంతెన దాటి బూర్గంపాడు మీదుగా బస్సులో పోయి, రోడ్డు మీద దిగి, వాగు దాటి నడిస్తే నేను చెప్పబోయే కోయగూడెం వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి తిరుగు బస్సు. అది తప్పితే ఆ రోజుకు ఇంక వేరే బస్సు లేదు. ఆ మూడింటి బస్సు కూడా ఈ కథలో దోషే.

అప్పటికి నాకు నా మీద చాలా నమ్మకం. ఇద్దరు పిల్లల్ని కని పెంచాను. డిపార్టుమెంటు ఇచ్చిన ట్రైనింగులన్నీ అయ్యాయి. సంచిలో రంగురంగుల బొమ్మల చార్టు ఉంది. ఒక్కో పేజీ తిప్పుతూ తల్లులకు చెప్పాలి, ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తటి తిండి మొదలుపెట్టాలి, పప్పు, కూరగాయలు మెదిపి పెట్టాలి అని. చార్టులో బొద్దుగా ఉన్న పాప ఒకతి, కాళ్లకు సాక్సులు వేసుకుని, గ్యాస్ పొయ్యి ఉన్న వంటింట్లో కూచుని ఉంటుంది. మొదటి రోజే ఒక ముసలామె ఆ పాపను చాలాసేపు చూసి, "ఈ పొల్లకు కాళ్లకేమైంది? పుండ్లా?" అని అడిగింది. సాక్సుల సంగతి వివరించేసరికి నాకు పావుగంట పట్టింది. పప్పు, కూరగాయల దాకా ఆ రోజు రాలేకపోయాను.

ఆ గూడెం అంగన్‌వాడీ సెంటర్లో టీచరు ఆ ఊరి ఆడపిల్లే. పదో తరగతి చదివింది. కోయ, తెలుగు రెండూ గలగలా మాట్లాడేది. నా ఉపన్యాసాలను తల్లులకు కోయలో చెప్పేది. నేను పది నిమిషాలు మాట్లాడితే తను రెండు ముక్కల్లో ముగించేది. మిగతాదంతా ఏమైంది అని అడిగితే, "అయన్నీ ఆళ్లకు తెల్సు మేడం" అనేది. నాకు ఒళ్లు మండేది. ఆ అమ్మాయే లేకపోతే ఆ గూడెంలో నన్ను రెండోసారి కూచోమనేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదని తర్వాత తెలిసింది.

ఇక ఆ పాప. తొమ్మిది నెలలది. పెద్ద కళ్లు, పలచటి మెడ. నెల నెలా సెంటర్లో పిల్లలను తూచి, ఆ బరువును వాళ్ల కార్డు మీద చుక్కగా పెట్టి, చుక్కలను గీతతో కలుపుతాం. గీత పైకి పోవాలి. ఈ పాప గీత మూడు నెలలుగా నేల మీద గీసినట్టు అడ్డంగా పోతోంది. ఇంకొంచెం కిందికి దిగితే భద్రాచలం దవాఖానాకు పంపాలి, తల్లి అక్కడే పిల్లతో వారాల తరబడి ఉండాలి. ఆ తల్లికి పట్టుమని ఇరవై ఏళ్లుండవు. పత్తి ఏరేందుకు కూలికి పోతుంది. ఇంకో మూడేళ్ల పిల్లాడున్నాడు. దవాఖానా అన్న మాట వినగానే ఆమె ముఖం పాలిపోయేది. అయినా నాతో ఒక్క మాట మాట్లాడేది కాదు. ఏమడిగినా తల దించుకునేది. నేను దాన్ని నిర్లక్ష్యం అనుకున్నాను. నా గొంతుకు భయపడుతోందన్న ఆలోచన నాకు రాలేదు.

చలికాలం మొదలవుతున్న రోజులు. ఆ రోజు మా టీచరు బంధువుల ఇంట్లో పురుడని సెలవు పెట్టింది. నేనూ, సెంటర్లో వంట చేసే ఆయమ్మా కలిసి ఆ పాప ఇంటికి వెళ్లాం. అప్పటికే మధ్యాహ్నం, తల్లి తిండికొచ్చి మళ్లీ కూలికి బయల్దేరబోతోంది. గిన్నెలో పలచటి జావ ఉంది. దడి మీద మాత్రం చిక్కుడు తీగ విరగకాసి ఉంది. లేత కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"ఏమ్మా, ఇంటి చుట్టూ ఇన్ని కూరగాయలు పెట్టుకుని పిల్లకి నీళ్ల జావ పోస్తున్నావా?" అన్నాను.

ఆమె తల దించుకుంది. నేను వెళ్లి కాయలు తుంచడం మొదలుపెట్టాను. ఆయమ్మ గాభరాగా నా చెయ్యి పట్టుకుంది. "వద్దు మేడం. ఇంక పండుగ కాలే. పెద్దోళ్లు ఊకోరు."

"పండుగలు పెద్దవాళ్లకమ్మా. తొమ్మిది నెలల పిల్లకి పండుగేంటి?" అన్నాను.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, సాయంత్రం డైరీలో కూడా రాసుకున్నాను.

కాయలు ఒలిచి ఉడకేశాను. మూడింటి బస్సు గుర్తొచ్చి, సరిగ్గా మెత్తబడకుండానే దించేశాను. ఉప్పు వేసి మెదిపాను. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, చేతులు కదపకుండా కొంగుతో చుట్టి, బుగ్గలు నొక్కి నాలుగు చెంచాలు లోపలికి పంపాను. పిల్ల ఎర్రగా అయ్యేదాకా ఏడ్చింది. "చూశావా, తిన్నది!" అన్నాను తల్లితో. మెదపగా మిగిలిన కాయలు ఆమె చేతిలో పెట్టి, రేపు కూడా ఇలాగే పెట్టు అని చెప్పి, బస్సందుకున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. చాలా సంతోషంగా ఇంటికి పోయాను.

మళ్లీ వారం వెళ్తే సెంటరు ఖాళీ. పిల్లలు లేరు, తల్లులు లేరు, గుమ్మంలో పడుకునే కుక్క కూడా లేదు. మా టీచరు ఒక్కతే గోడకానుకుని కూచుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఏంది మేడం నువ్వు చేసిన పని?" అంది.

అప్పుడు తెలిసింది. ఆ గూడెంలో కొత్తగా కాసిన ఏ పంటైనా ముందు ఊరి దేవతకూ, పోయిన పెద్దలకూ పెట్టి పండుగ చేస్తారు. ఆ తర్వాతే కోస్తారు, తింటారు. చిక్కుడుకు ఒక పండుగ. అది అయ్యేదాకా ఎంత ఆకలైనా ఎవరూ ఒక్క కాయ తుంచరు. ఒకరు తుంచితే ఆ దోషం ఊరందరి పంటకూ తగులుతుందని వాళ్ల నమ్మకం. పండుగ ఇంకా ఇరవై రోజులుంది. మేడం వచ్చి పట్టపగలు దడి మీది కాయలు తుంచి, చంటిపిల్ల నోట్లో కుక్కిపోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. నేను ఉడికీ ఉడకకుండా పెట్టిన ఆ పిక్కలకు పాపకు ఆ సాయంత్రమే విరేచనాలు పట్టుకున్నాయి. ఊరంతా అది దేవత కోపమే అనుకుంది. నాకు తెలుసు, అది మూడింటి బస్సు తొందర. మా టీచరు తిరిగొచ్చి, ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా పట్టి, రెండు రోజుల్లో నిలబెట్టింది. కానీ బరువు? ఇంకా తగ్గి ఉంటుంది. తూచడానికి పిల్లను తెచ్చేదెవరు? ఆ తల్లిని ఊరి పెద్దలు సెంటరు గడప తొక్కొద్దన్నారు. ఆమెను చూసి మిగతా తల్లులూ మానేశారు.

నేను భద్రాచలం వచ్చి గదిలో కూచుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగా లేదు. ఆ పాపకేమన్నా అయితే నా చేతులతో నేనే చేసినదాన్నవుతానని భయం వేసింది.

మాలో సీనియరు సూపర్‌వైజరు ఒకావిడ ఉండేది. ఏ ఆపద వచ్చినా ఆమె దగ్గర ఒక రిజిస్టరు కాలమ్ సిద్ధంగా ఉండేది. "పిచ్చిదానా, 'ఇంటికి తాళం' అని రాసెయ్. మూడు నెలలు అలా రాస్తే ఆ పేరు నీ లిస్టులోంచి పోతుంది" అంది. నిజంగానే పెన్ను తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ గూడెంలో తాళం ఉన్న ఇల్లే లేదు. తలుపున్న ఇళ్లే తక్కువ. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. పెన్ను మూత పెట్టేశాను.

మర్నాడు మా ప్రాజెక్టు అధికారిణి దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "వాళ్లను అడగకుండా వాళ్ల దడి మీద చెయ్యి ఎట్లా వేశావమ్మా? మీ మధిరలో నీ పెరట్లో ఎవరన్నా అట్లా కోస్తే ఊరుకుంటావా? ముందు పోయి తప్పు ఒప్పుకో. రిపోర్టు తర్వాత చూద్దాం" అంది. ఇంతకంటే మంచి ట్రైనింగు నాకు ఎక్కడా దొరకలేదు.

టీచరును వెంటబెట్టుకుని పాప ఇంటికి వెళ్లాను. పాప నాయనమ్మ వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతోంది. ఆ ఇంట్లో మాట ఆమెదే. "అవ్వా, నాది తప్పు. తెలియక చేశాను. కాదు, ఆయమ్మ చెప్పినా వినకుండా చేశాను" అన్నాను. ఆమె చాట దింపకుండానే టీచరుతో కోయలో చాలాసేపు ఏదో అంది.

"ఏమంటోంది?" అన్నాను.

"కూసోమంటుంది."

"అంత పొడుగు మాటకు అంతేనా అర్థం?"

"నీకు చెప్పేటిది గంతే మేడం."

కూచున్నాను. కుక్కి మంచం మీద, నడుం సగం కిందికి దిగబడి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. ఎవరూ పలకరించలేదు. చార్టు సంచిలోనే ఉంది. తీయడానికి ధైర్యం చాలలేదు. నా ఉద్యోగంలో ఒక ఇంట్లో నోరు మూసుకుని అంతసేపు కూచోవడం అదే మొదలు. చేసే పని లేక చూస్తూ కూచున్నాను. చూడబట్టే నాకు విషయం తెలిసింది.

ముందు నాయనమ్మ జావ తెచ్చింది. కాళ్లు చాపి, వాటి మీద పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చేత్తో రెండు చేతులూ అదిమి పట్టి, రెండో అరచేతిలోంచి నోట్లోకి పోసింది. మన ఇళ్లలో ఉగ్గు పోసినట్టే. పిల్ల గింజుకుంది, ఉక్కిరిబిక్కిరై ఊసేసింది. గిన్నె చప్పుడు వింటేనే పెదాలు బిగించేస్తోంది. నేను పెట్టింది కూడా అచ్చం అలాగే కదా. తేడా అల్లా నా చేతిలో చెంచా ఉంది.

మధ్యాహ్నం పాప తండ్రి వచ్చాడు. అప్పటిదాకా ఇంటి వెనకాల వెదురు తడకలు అల్లుతున్నాడు. కాళ్లు కడుక్కుని, పళ్లెంలో అన్నం, కందిపప్పు పెట్టుకుని నేల మీద కూచున్నాడు. నన్ను చూసి మొహమాటంగా అటు తిరిగాడు. అంతవరకూ మూల ముడుచుకుని ఉన్న పాప, తండ్రి పళ్లెం ముందు కూచోగానే చకచకా పాక్కుంటూ వచ్చేసింది. మోకాలు పట్టుకుని నిలబడింది. పళ్లెంలో చెయ్యి పెట్టింది. అతను వద్దనలేదు, రమ్మనీ అనలేదు. పప్పన్నం వేళ్లతో మెత్తగా నలిపి పళ్లెం అంచున పెట్టి, తన తిండి తను తింటున్నాడు. పాప దాన్ని పిడికిట పట్టి, సగం చెవికి, సగం ముక్కుకు పూసుకుని, ఇంత నోట్లో పెట్టుకుంది. నమిలింది. తండ్రి నోరు కదిలినట్టే తన నోరూ కదుపుతోంది. మింగి, మళ్లీ చెయ్యి పెట్టింది. ఏడుపు లేదు, పెనుగులాట లేదు. మధ్యలో ఒకసారి తల తిప్పి నా వంక చూసింది. నా చేతిలో చెంచా లేదు కదా అని చూసిందనుకుంటాను.

పిల్లకు తిండి చేదు కాదు. పట్టుకుని కుక్కే చేతులు చేదు.

"తమ్ముడూ, రోజూ ఇలాగే తింటుందా?" అన్నాను.

అతను కంగారు పడ్డాడు. "నేనేం పెట్టలే మేడం. అదే వచ్చి తింటది" అన్నాడు, తప్పు దొరికిపోయినట్టు.

నాయనమ్మ ఆ రోజు మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది. "దొంగది. మేం పోస్తే ఊస్తది. ఆళ్లయ్య పళ్లెంలకెల్లైతే తింటది."

"మీ అబ్బాయి రోజుకు ఎన్నిసార్లు ఇంట్లో తింటాడు అవ్వా?"

"గీ ఒక్క పూటనే. పొద్దుగాల, మాపటీలి దానికి జావ నేనే పోస్త."

చూశారా? ఆ పిల్ల రోజు మొత్తంలో తిండి తినేది తండ్రి పళ్లెంలోంచి ఆ నాలుగు పిడికిళ్లే. దాన్ని ఎవరూ తిండి కింద లెక్కపెట్టలేదు. ఆట కింద జమకట్టారు. నా చార్టులో కూడా ఇరవై పేజీలకూ ఒక్క తండ్రి బొమ్మ లేదు. ఎక్కడో వెనకాల సైకిల్ పట్టుకుని నిలబడి ఉంటాడంతే.

చెప్పాలని నాలుక దురద పెట్టింది. మూడుపూటలా అలా కూచోబెట్టి తిననివ్వండి, తల తిప్పుకుంటే ఆపండి అని. కానీ నేను చెప్పి చెడగొట్టిన దాన్ని. "అవ్వా, మీ అబ్బాయి దగ్గర తిన్నట్టు పొద్దున, రాత్రి కూడా తినాలంటే ఎట్లా? నాకు తోచట్లేదు, నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎట్లనో నేను జూస్త. నువ్వు పండుగకు రా. గప్పటిదాంక దేన్నీ ముట్టకు. తప్పు నీది, కోడి నువ్వే తేవాలె."

పండుగ రోజున నేను కోడిని తీసుకుని భద్రాచలంలో బస్సెక్కాను. నల్ల పుంజు. కాళ్లు కట్టి సంచిలో పెట్టుకున్నాను. కండక్టరు సంచిలోకి తొంగిచూసి, "ఏంది మేడం, దీనికి కూడా పల్స్ పోలియోనా?" అన్నాడు. బస్సంతా నవ్వులు. బూర్గంపాడు దాటేలోపు ఆ పుంజు సంచిలోని చార్టు మీద తన అభిప్రాయం తెలియజేసింది. దిగాక చూస్తే సాక్సుల పాప ముక్కు దగ్గర చిల్లు. నాకెందుకో అది న్యాయంగానే తోచింది.

గూడెం గూడెమంతా దేవత దగ్గర చేరింది. డోళ్లు మోగుతున్నాయి. ఆడవాళ్లు ఒకరి నడుం మీద ఒకరు చెయ్యేసి వరుసగా ఆడుతున్నారు. మా టీచరు నన్ను కూడా లాగింది. నా అడుగు ఒక్కటీ కలవలేదు. నేను పక్కవాళ్ల కాలు తొక్కినప్పుడల్లా వరుసంతా పకపకా నవ్వేది. ఊరి పెద్ద మొక్కుబడి తీర్చి, కొత్త చిక్కుడుకాయలు దేవత ముందు పెట్టాడు. నా పుంజును కూడా అప్పగించాను. ఆయన దాన్ని ఎత్తి బరువు చూసి, "మేడం మంచిగనే తెచ్చింది" అన్నాడు. అలా నా తప్పు చెల్లిపోయింది. ఆఫీసులో అయితే ఎన్ని ఫైళ్లయ్యేవో.

చిక్కుళ్లు, కోడి, అన్నం ఉడికాయి. ముందు పెద్దలకు, ఆ తర్వాత పిల్లలకు. నాయనమ్మ చిక్కుడు పిక్కలు అన్నంలో వేసి తన వేళ్లతో వెన్నలా అయ్యేదాకా మెదిపింది. వేలితో నొక్కి చూసింది, మళ్లీ మెదిపింది. నా వంక ఒక చూపు చూసి మరీ మెదిపింది. మోదుగాకు మీద పెట్టి, తండ్రి ఒళ్లో కూచున్న పాప ముందు ఉంచింది. తల్లి పక్కన నిలబడి ఉంది, చేతులు కొంగులో చుట్టుకుని.

పాప ముట్టుకోలేదు.

గూడెమంతా చుట్టూ నిలబడి చూస్తోంది. డోళ్లు ఆగిపోయాయి. దేవతకు కోపం పోయిందో లేదో ఆ పిల్ల తినడాన్ని బట్టే తెలుస్తుందన్నట్టుంది అందరి ముఖాల్లో. పాప ఆ ముఖాలన్నిటినీ ఒక్కొక్కటే చూసి, పెదాలు బిగించింది. కింది పెదవి వంకరపోయింది. ఇంకొక్క క్షణంలో ఏడుపు లంకించుకుంటుంది. తండ్రి చెమటలు తుడుచుకుంటున్నాడు. ఎవరో ముసలాయన, "పట్టుకొని పెట్టుండ్రి" అన్నాడు. నా చేతులు నా మాట వినేలా లేవు. వాటిని తొడల కింద పెట్టుకుని కూచున్నాను.

నాయనమ్మ లేచి నిలబడింది. కోయలో ఒక్క అరుపు అరిచింది. టీచరు నా చెవిలో చెప్పింది, "అందరు అటు తిరుగుండ్రి అంటుంది. పొల్లను తిననియ్యుండ్రి అంటుంది."

గూడెమంతా తిరిగింది. ఊరి పెద్ద తిరిగాడు. డోళ్లవాళ్లు డోళ్లతో సహా తిరిగారు. పట్టుకుని పెట్టమన్న ముసలాయనను ఎవరో భుజాలు పట్టుకుని తిప్పారు. నేనూ లేచి అటు తిరిగాను. అంతమందిమి అడవి వైపు ముఖాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. వెనక నుంచి ముందు తండ్రి నమిలే చప్పుడు వినిపించింది. అతను కూడా తింటున్నాడు. కాసేపటికి ఆకు చప్పుడు. ఆ తర్వాత చిన్న చప్పరింపు. ఆ వెంటనే ఇంకొకటి. మా టీచరు నా చెయ్యి నలిపేస్తోంది. వెనక్కి చూడకూడదని నేను ఎంత బిగబట్టుకున్నానో నాకే తెలుసు. మొదట ఓడిపోయింది ఊరి పెద్దే. భుజం మీదుగా దొంగచూపు చూసి, "తింటుందిరో!" అన్నాడు.

ఒక్కసారిగా డోళ్లు మోగాయి. పాప ఉలిక్కిపడి, చేతిలో ముద్ద తండ్రి ముఖానికి కొట్టింది. గూడెమంతా నవ్వింది. నేను ఏడుస్తూ నవ్వాను.

ఆ తర్వాత ఆ సెంటర్లో నేను చార్టు తీయలేదు. తీసినా ఆ చిల్లు చూసి అందరూ నవ్వేవాళ్లు. చెప్పాల్సిందంతా నాయనమ్మే చెప్పేది, ఆమె చెప్పేంత గట్టిగా నేనెప్పుడూ చెప్పలేను. వచ్చిన తల్లినల్లా పట్టుకుని, "పండవెట్టి పొయ్యకు. కూసోబెట్టు. నువ్వు తిను, అది జూస్తది. మొఖం తిప్పితే ఇడిసిపెట్టు, జరసేపైనంక అడుగు" అనేది. అదంతా తనకు ముందు నుంచీ తెలుసన్నట్టు చెప్పేది. నేను అడ్డు చెప్పలేదు. పిల్లలతో మాట్లాడుతూ తినిపించమనీ, కొట్టి, బెదిరించి పెట్టొద్దనీ, తిన్న ముద్దలు లెక్కపెట్టి బాధపడొద్దనీ తర్వాత ఎన్ని ఊళ్లలో చెప్పానో. అన్నిటికీ మూలం ఆ కుక్కి మంచం మీద కూచున్న పూట. ఇప్పటి తల్లులు ఫోను చేతికిచ్చి, పిల్ల అటు చూస్తుంటే ఇటు ముద్ద పెడుతున్నారు. నేను పిల్లను కొంగుతో కట్టేశాను, మీరు ఫోను బొమ్మతో కట్టేస్తున్నారు. కోప్పడకండి, మిమ్మల్ని కోప్పడే అర్హత నాకు లేదని పై కథే చెప్తోంది కదా.

పండుగైన నెలకు తూకం రోజున తల్లులందరూ వచ్చారు. పాప తల్లి కూడా వచ్చింది. గీత కాస్త తల ఎత్తింది. పెద్దగా ఏం కాదు, చిటికెన వేలి గోరంత. దవాఖానా మాట ఇంక అక్కర్లేదని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది, ఎప్పటిలాగే ఏమీ అనలేదు. పాపను ఒళ్లో కూచోబెట్టుకుని, సెంటర్లో వండింది ముందు పెట్టుకుంది.

నాకు ఉత్సాహం ఆగలేదు. పాత బుద్ధులు ఎక్కడికి పోతాయి? ఎదురుగా కూచుని, పాప నోట్లో ఒక ముద్ద ఉండగానే రెండో చెంచా నింపి పెదాల దాకా తీసుకుపోయాను. ఆ తల్లి చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది. నెమ్మదిగానే పడింది గానీ గట్టిగా పట్టుకుంది. మొదటిసారి తల ఎత్తి, నా కళ్లలోకి చూసింది.

"ఆగు మేడం. నోట్లది మింగనీ" అంది.

ఆగాను. సర్వీసు మొత్తంలో పైనుంచి నాకు ఎన్నో ఆర్డర్లు వచ్చాయి. ఇంత సంతోషంగా పాటించిన ఆర్డరు ఇంకొకటి లేదు.